సిరిమాను దాటేదాకా

తీగలో కరెంటు లేదని తెలిసినా, దాన్ని నేనే ఆపించినా, మా లైన్‌మన్ దాలయ్య చెయ్యి తీగ మీద పడే ముందు నా ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఎలా ఆగిందో, ఈ మే నెల ఎండలో, మార్కెట్ జంక్షన్ మధ్యలో, ఇప్పుడూ అలాగే ఆగింది. అతను స్తంభం మీద నడుముకి బెల్టు కట్టుకుని, గ్లౌజులు తీసి చంకలో ఇరికించుకుని, వట్టి వేళ్ళతో కట్టు విప్పుతున్నాడు. గ్లౌజులతో ముడి విడదంటాడు, ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. కింద నేను, తలమీద పసుపు హెల్మెట్, మెడలో ఫోను, పొద్దున్న వెల్లుల్లి ఒలిచిన వాసన ఇంకా వదలని వేళ్ళు. గుడి వీధి వైపు డప్పులు మోగుతున్నాయి. ఆ మోత వీధి మలుపు తిరిగి ఇటు వచ్చేలోగా ఈ తీగలన్నీ కిందకి దిగాలి. పై తీగలు దిగిపోయాయి, కింద ఇళ్ళకి వెళ్ళే తీగలే మిగిలాయి. సబ్‌స్టేషన్‌లో ఉమాశంకర్ ఇందాక ఫోన్‌లో "ఎల్‌సీ ఇచ్చాను మేడమ్" అన్నప్పుడు రోజూ వినే మాటే అయినా మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాను. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. అక్కడ స్విచ్ దించి ఈ తీగల్ని నా పేరున అప్పగిస్తారు. మళ్ళీ నేను, నా గొంతుతోనే, మనుషులందరూ దిగిపోయారు అని చెప్పేదాకా, ఎంత పెద్ద ఆఫీసరు అడిగినా వాళ్ళు కరెంటు ఇవ్వరు. మా ఇంట్లో తరతరాలుగా ఎవరి మాటా ఎక్కడా చెల్లలేదు. నాగావళి అవతల వాళ్ళ నాన్న మాట చెల్లక మా అమ్మ మరిడమ్మ మూడో తరగతిలో బడి మానేసింది. నా మాట మీద ఒక ఊరంత చీకటి ఆగి ఉంటుంది, వెలుగు ఆగి ఉంటుంది. ఇది నాకు ఎప్పటికీ అలవాటు కాదు, కాకూడదు కూడా.

సిరిమాను అంటే ఒక చెట్టే, చింతమాను. పూజారి కలలోకి పోలమ్మ తల్లి వచ్చి ఫలానా పొలంలో ఫలానా చెట్టు నాది అంటుందట. మర్నాడు డప్పులతో వెళ్ళి ఆ చెట్టుకి పసుపు రాస్తారు, చెట్టుగలవాడు కాదనకూడదు. నరికి, చెక్కి, ఒక కొసన పీట బిగించి, ఆ పీట మీద పూజారిని కట్టి కూర్చోబెట్టి, రెండో కొసని బండికి బిగించి పైకి లేపితే, ఊళ్ళో మేడలన్నిటికీ పైన, ఆకాశంలో ఒక మనిషి. ఆ మనిషి ఊరంతా తిరగాలి. ఆయనకి అడ్డం తప్పుకోవాల్సినవి రెండే, పైన మబ్బులు, కింద మా తీగలు. మబ్బుల సంగతి అమ్మవారు చూసుకుంటుంది, తీగల సంగతి నేను చూడాలి. ఈసారి తల్లి అడిగిన చెట్టు మా ఆయన పెదనాన్న కూర్మయ్య గారిది, మా పెద్దమావది. వాళ్ళ తాత నాటిన చెట్టు. పసుపు రాసిన రోజు ఆయన ఆ మానుని కౌగలించుకుని ఏడ్చాడట, ఏడుస్తూనే గొడ్డలి తనే అందించాడట. అందుకే ఈ పండక్కి ఆ కుటుంబం మొత్తం మా ఇంట్లోనే దిగింది. ఇన్నేళ్ళకోసారి వచ్చే పండగ, మాను ఇచ్చిన పెద్దమనిషి, ఊళ్ళో కాపురమున్న కోడలు, ఎక్కడికి తప్పుకుంటాను. రాత్రి నుంచి ఇల్లు నిండిపోయింది, అరుగు నిండింది, మేడ మీద చాపలు నిండాయి, ఎవరి పిల్లలు ఎవరి పక్కలో పడుకున్నారో తెలియదు. తెల్లవారకముందే లేచి రెండు పొయ్యిల మీద కోడికూర, గారెల పిండి, అన్నం వార్చడం, మధ్యలో ఫోను, ఫలానా వీధిలో చెట్టుకొమ్మ లైన్ మీద ఉందని. అత్త తాయారు కొబ్బరి కోరుతూ నా ఫోను వంక చూసి, "ఒలే రాజీ, ఊరికి కరెంటు ఆపితే ఆపేవు గానీ పొయ్యి మాత్రం ఆపకే తల్లీ, మీ పెద్దమావకి కూరలో నూనె తేలకపోతే మానిచ్చినందుకు ఇదా అంటాడు" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే గరిటె అత్త చేతిలో పెట్టి, నైటీ మార్చి, జీన్స్ మీద కుర్తా వేసుకుని, హెల్మెట్ తీసుకుని బయటపడ్డాను. వీధి మలుపులో బండి మీద ఉండగా గుర్తొచ్చింది, గారెల్లో ఉప్పు వేశానా లేదా అని. ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

అమ్మ అంటూ ఉండేది, పని కాడ పిల్ల, పిల్ల కాడ పని, ఆడదాని తలకాయ ఎప్పుడూ పక్కూర్లోనే ఉంటాదే అని. నెల్లిమర్లలో మిల్లు సైరన్ మోగితే నాన్న జనపనార దుమ్ముతో వచ్చేవాడు, కనుబొమ్మలు కూడా తెల్లగా. అమ్మ నాట్లకి వెళ్ళేది. నన్ను గట్టు మీద చీర ఉయ్యాల్లో వేసి, ఆ ఉయ్యాల తాడుకి ఇంకో తాడు కట్టి, దాని కొస తన నడుముకి చుట్టుకునేది. వంగి ఒక అడుగు వెనక్కి వేస్తే ఉయ్యాల ఊగేది. నాకు గుర్తుండే వయసు కాదు, అయినా గుర్తున్నట్టే ఉంటుంది, నీళ్ళ వాసన, తాడు లాగినప్పుడల్లా ఆకాశం కదలడం. ఇంజనీరింగ్‌లో సీటొచ్చినప్పుడు అమ్మ అడిగింది, "కరెంటు సదువేటే, ముట్టుకుంటే సచ్చిపోతారు కాదేటి" అని. ముట్టుకోకుండా ఎలాగో నేర్పుతారమ్మా అన్నాను. అమ్మకి ఆ జవాబు చాలింది. నా తాడే సరిగ్గా అందడం లేదు. మా పాప భవాని పుట్టినరోజు నాడు ఈదురుగాలి లేచి స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి, కేకు కోసేటప్పుడు నేను వీడియోలో ఉన్నాను, దాని వెనకాల కొవ్వొత్తి, నా వెనకాల విరిగిన టేకుచెట్టు. క్రిస్మస్‌కి బడిలో తెల్లగౌను వేసుకుని దేవదూతగా నిలబడిందట, నేను వెళ్ళేసరికి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చేస్తున్నారు. అది రెక్కలు విప్పకుండా కూర్చుని ఉంది, అమ్మ చూడలేదు కాబట్టి విప్పను అని. కొత్త సంవత్సరానికి ఆఫీసులో కేకు తెచ్చి, మేడమ్ మీరే కట్ చెయ్యాలి అన్నారు, కత్తి పట్టుకోగానే బ్రేక్‌డౌన్ ఫోను. ఏ పండగైనా మా వాళ్ళకి వెలుతురు కావాలి, ఆ వెలుతురు పని నాది, ఎవరిని తిట్టుకోను. పైగా పోయిన నెలలో ఇంట్లో నా చుట్టూ తిరుగుతుంటే నేనే దాన్ని కసిరాను, ఎందుకంటే రికార్డింగ్ చేస్తున్నాను. పండక్కి ముందు ఊళ్ళో ఆటోలో మైకు పెట్టి చెప్పించాలి. బయట కుక్కలు, హాల్లో టీవీ, వంటిల్లొక్కటే దొరికింది. భవానిని పొయ్యి గట్టు మీద కూర్చోబెట్టి ఫోను దాని చేతికిచ్చి కదలకుండా పట్టుకోమన్నాను. విద్యుత్ వినియోగదారులకు విజ్ఞప్తి, సిరిమాను సందర్భంగా మధ్యాహ్నం నుంచి సరఫరా ఉండదు, జనరేటర్ వాడేవారు తప్పనిసరిగా మెయిన్ దించిన తర్వాతే వాడవలెను. అక్కడికి ఆపేయమన్నారు పైవాళ్ళు. ఎందుకో నా నోటికి ఇంకో మాట వచ్చేసింది, స్తంభం మీద ఒక మనిషి ఉన్నారని గుర్తుంచుకోండి. సరిగ్గా అక్కడే కుక్కర్ విజిల్ వేసింది. మళ్ళీ చేసే ఓపిక లేక అలాగే పంపాను. ఇప్పుడు ఊరంతా, మూడు రోజులుగా, ఆటో వెళ్ళిన వీధిలోనల్లా, స్తంభం మీద ఒక మనిషి ఉన్నారని గుర్తుంచుకోండి, కుయ్ మని విజిల్. టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు నన్ను చూసి విజిల్ వేస్తున్నారు. వేస్తే వెయ్యనీ, మాట బుర్రకెక్కితే చాలు.

పొద్దున్న బయల్దేరుతుంటే భవాని గేటు పట్టుకుని అడిగింది. "అమ్మా, సిరిమానుకి అరటిపండు ఇసరాలంటే ఎత్తుకోవాలి. నువ్వెత్తుకుంటావా, నాన్నెత్తుకుంటాడా?" నేను దాని ముక్కు తుడిచాను. "నువ్వు పోల్ మీద ఉంటావు కదా," అని అదే జవాబు చెప్పుకుంది, పెద్దరికంగా. వాళ్ళ క్లాసు పిల్లలందరికీ అదే చెప్పిందట, మా అమ్మ పోల్ ఎక్కుతాది అని. నేను ఎక్కను. శిక్షణలో ఒకసారి ఎక్కాను, సగం దాకా. ఎక్కేవాడు దాలయ్య, ఎక్కించేదాన్ని నేను, ఆ రెండింటి మధ్య ఎంత దూరముందో ఏడేళ్ళ పిల్లకి ఎలా చెప్పను. బండి తీసి వచ్చేశాను.

ఫోను మోగింది. ఉమాశంకర్ అనుకుని ఎత్తాను. అత్త. వెనకాల గిన్నెల చప్పుడు, పిల్లల గోల. "రాజీ, ఎప్పుడొస్తావే? పెద్దమావ తిని లేచీసేడు. కూర బాగున్నాదన్నాడు, గారెల్లో మరి ఉప్పు నేదు, నంజుకు తినీసేరులే."

"మాను దాటినాక వస్తానత్తా. ఉక్కపోతగా ఉంటాది, పెద్దమావని అరుగు మీద కూసోబెట్టు, గాలొస్తాది."

"ఉక్కేటే? ఫేన్లు గిరగిర తిరగతన్నాయి. నీ మొగుడు సాలూరు నుంచి లారీలో జనరేటర్ ఏసుకొచ్చేడు కాదేటి. భోజనాల కాడ్నించీ అదే నడస్తన్నాది. నీకు సెప్పొద్దన్నాడు, వచ్చి సూసి సంబరపడతాదని..."

"ఎవరు కలిపేరు? మెయిన్ దించేరా? అత్తా, మెయిన్..."

"ఓలమ్మ, అమ్మోరి ఘటాలు మన ఈదిలోకొచ్చీసేయి, నానెల్లాల," అంది అత్త. ఫోను ఎక్కడో పెట్టేసింది. డప్పులు, డప్పులు, తర్వాత ఏమీ లేదు.

గిరిబాబు. పది రోజులకోసారి ఇంటికొచ్చే మనిషి, రాయ్‌పూర్ రోడ్డు మీద రాత్రిళ్ళు లారీ తోలుతూ మెలకువగా ఉండి, పండక్కి నాకు ఏం తేవాలా అని ఆలోచించి, చీర కాదు, నగ కాదు, మా చుట్టాలకి గాలి తెచ్చాడు, నాకు మాట రాకుండా. ప్రేమగా తెచ్చాడు. ఆ ప్రేమ ఇప్పుడు ఎంతదాకా వచ్చి ఆగిందో నాకు తెలియాలి. జనరేటర్‌లో పుట్టిన కరెంటుకి ఫాను తిప్పి ఊరుకోవాలని తెలియదు. మెయిన్ దించి ఉంటే ఇంట్లోనే ఉంటుంది. ఎత్తి ఉంటే మీటర్ దాటి, గోడ దాటి, సర్వీసు తీగ పట్టుకుని వెనక్కి నడిచి వీధిలోకి వస్తుంది. మా సందులోంచి మార్కెట్ రోడ్డుకి, మార్కెట్ రోడ్డులోంచి ఈ జంక్షన్‌కి, ఈ స్తంభానికి, దాలయ్య వేళ్ళకి. సబ్‌స్టేషన్ నుంచి రావాల్సిన దారి మూసి, తాళం నా దగ్గర పెట్టుకుని నిలబడ్డాను. వెనక దారి మా ఇంట్లోంచే. దారిలో జనరేటర్ ఉన్న ప్రతి ఇంటికీ మనిషిని పంపి మెయిన్ చూపించాను, చికెన్ కొట్టు, ఫంక్షన్ హాలు, సెల్ దుకాణం, దేన్నీ వదల్లేదు. మా ఇంటికి పంపలేదు, మా ఇంట్లో జనరేటర్ లేదు గనుక. పొరపాటున కరెంటొస్తే నేలలోకి లాగేసేలా తీగలకి వేసి ఉంచిన రక్షణ గొలుసు కూడా కిందకి దించడం కోసం ఇప్పుడే తీయించాను. దాలయ్య రెండు తీగలు దించేశాడు. మూడో తీగ మీదకి చెయ్యి వెళ్తోంది. మా ఇంటికి ఏ తీగ నుంచి వస్తుందో, ఆ తీగ.

అరిచాను. నా అరుపు నాకే వినపడలేదు, డప్పులు మలుపు తిరిగాయి. రాయి తీసుకుని ఇనప స్తంభాన్ని కొట్టాను. పైనున్నవాడి చెవులకి వినపడకపోయినా పాదాలకి తెలుస్తుంది. నా చేతిలో రాయి రెండోసారి మోగేసరికి దాలయ్య చేతులు గాల్లో ఆగిపోయాయి.

"ఏటి మేడమ్ గోరూ?"

"తీగ ముట్టకు. చేతులు దగ్గరికి తీసుకో."

"టెస్టర్ పెట్టేను, ఎలగనేదమ్మా!"

వెలగదు, నాకూ తెలుసు. టెస్టర్ ఈ క్షణం మాటే చెబుతుంది. జనరేటర్‌లో నూనె అయిపోయి ఆగిందేమో, మళ్ళీ పోసి తాడు లాగుతారేమో, ఎవరో దారినపోయే బావ మెయిన్ ఎత్తుతాడేమో, ఆ వచ్చే క్షణం సంగతి టెస్టర్‌కి తెలియదు. గిరిబాబు ఫోను మోగి మోగి ఆగిపోయింది. అత్త ఫోను మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ. మా ఇల్లు ఇక్కడికి మూడు సందుల అవతల, మధ్యలో జనం, ఎవరినైనా పంపితే ఊరేగింపుకి ఎదురీదాలి. సిరిమాను కొస మేడల మీద కనిపించింది. ముందు విసనకర్ర, తర్వాత పసుపు పంచె, తర్వాత మనిషి. కమిటీ పెద్దలు నా వైపు చేతులూపుతున్నారు, తీగ దించండి, తీగ దించండి అని. ఎస్సై విజిల్ వేస్తున్నాడు. ఆపండి అని నేను చెయ్యి అడ్డం పెట్టాను. పోలమ్మ తల్లిని, పెద్దమావ ఇచ్చిన మానుని, ఇన్ని వేలమందిని, మా ఇంట్లో ఫాన్ల కోసం నడిరోడ్డు మీద ఆపాను. దాలయ్యకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది నర్సింగ్ చదువుతోంది, సర్టిఫికెట్ల మీద సంతకాలకి మా ఆఫీసుకి వస్తే టీ తాగి వెళ్ళింది. ఈ ఒక్క తీగ. అమ్మా, పోలమ్మా, నీ చెట్టు మా ఇంటిదే, నీ దారి మా ఇంటి వల్లే ఆగిపోయింది, ఎవరో ఒకరు ఫోను ఎత్తేలా చూడు.

ఎత్తారు.

"అమ్మా."

"భవానీ! ఎక్కడున్నావే? నానమ్మ ఏదీ?"

"నానమ్మ ఘటాలకి ఎలిపోయింది. అందరూ మేడ మీదకి ఎలిపోయారు. ఫోను బల్ల మీద మోగతంటే కుర్చీ జరుపుకుని తీసేను."

"ఇటు విను. మెయిన్ కనపడతన్నాదా? పైకి ఉన్నాదా, కిందకి ఉన్నాదా? సూసి సెప్పు."

"సూడక్కర్లేదు. నాను మెయిన్ కాడే ఉన్నాను. కిందకే ఉన్నాది." డప్పుల మధ్య దాని గొంతు చిన్నగా, స్పష్టంగా, ఆటో మైకులో నా గొంతులాగా ఒక్కో మాటా విడదీసి వస్తోంది. "నాన్న తీగ కలపతంటే, మెయిన్ దించీసి కలపాల నాన్నా అన్నాను. నాన్న దించీసేడు. మరేమో, తిన్నాక పెద్దతాత ఎత్తీబోయేడు."

"ఎందుకు?"

"ఎత్తి ఉంచితే అసలు కరెంటెప్పుడొచ్చిందో తెలుస్తాదట. నాను ఎత్తనివ్వనేదు. కుర్చీ ఏసుకుని కూసున్నాను. పెద్దతాత కోపమొచ్చి, అమ్మోరికి మానిచ్చీసినోడ్నే, నీ స్విచ్చు ముట్టుకోకూడదేటే గుంటా అన్నాడు."

"నువ్వేటన్నావు?"

"పోల్ మీద మా అమ్మ ఉన్నాది అన్నాను."

ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను. ఇంటి నుంచి వెనక్కి నడిచి స్తంభం దాకా వచ్చేది కరెంటొక్కటే అనుకున్నాను. నేను లేని పుట్టినరోజూ, నేను చూడని రెక్కలూ, నేను కసిరిన వంటిల్లూ, వాటన్నిటిలో ఇది ఏం విన్నది, ఏం ఏరుకున్నది. నేను దీన్ని ఎత్తుకోలేదని పొద్దున్న నుంచి ఏడుపు మింగుతున్నాను, ఇది నన్ను ఎత్తుకుని కూర్చుంది, ఒక స్విచ్చు కింద, ప్లాస్టిక్ కుర్చీలో. అమ్మా, మరిడమ్మా, ఆ తాడు కొస నీ నడుముకే ఉందనుకున్నావు, ఉయ్యాల్లో ఉన్నదాని చేతిలో కూడా ఒక కొస ఉంటుందని నీకు ఎవరైనా చెప్పారా.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను తల్లీ. అక్కడే ఉండు. ఫోను పెట్టీకు."

"నువ్వు సెప్పేదాకా ఎవరిచేతా ఎత్తనివ్వను."

తల ఎత్తి దాలయ్యకి చెయ్యి ఊపాను. "దించు!" అన్నాను. అతను ఒక్కసారి నా మొహంలోకి చూశాడు, ఎందుకు ఆపారనీ ఎందుకు దించమన్నారనీ అడగలేదు, గ్లౌజులు తొడుక్కున్నాడు. ఈ ఒక్కసారీ గ్లౌజులతోనే ముడి విప్పాడు. మూడో తీగ తాడు మీద మెల్లగా, అలిసిన పాములా కిందకి దిగింది. నాలుగోది దిగింది. పక్కకి లాగేశారు. నేను అడ్డం పెట్టిన చెయ్యి దించాను.

ఇప్పుడు వచ్చింది. ఎన్ని పండగల్లో చూడలేదు నేను, ఇంతకుముందు చూసిన ఒక్కసారీ తీగల్నే చూశాను, మానుని చూడలేదు. ఇప్పుడు తీగలు లేవు, ఆకాశం వట్టిగా ఉంది, ఆ వట్టి ఆకాశంలోకి ఒక చెట్టు నడిచి వచ్చింది. బెరడు తీసిన చింతమాను, పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఒళ్ళంతా మిలమిలలాడుతూ, బండి మీద కిర్రుమంటూ, ఒక వైపుకి వాలి, మళ్ళీ నిటారై. దాని కొసన పూజారి, ఎంత చిన్నగా ఉన్నాడో, పసివాడిలాగా, పాదాలు రెండూ కింద ఏమీ లేకుండా గాల్లో వేలాడుతున్నాయి. నడుముకి కట్టిన గుడ్డ చూశాను, వృత్తి అది, కట్టు ఎలా ఉందో చూస్తాను. గట్టిగానే ఉంది. ఆయన చేతిలో విసనకర్ర నెమ్మదిగా ఊగుతోంది, మండుటెండలో ఊరందరికీ ఆయన విసురుతున్నట్టు. జనం చేతులెత్తారు. అరటిపళ్ళు గాల్లోకి లేచాయి, వందల పళ్ళు, ఏదో పిట్టల గుంపు ఒక్కసారి ఎగిరినట్టు. నిన్నటిదాకా పొలంలో నీడ ఇచ్చిన చెట్టు. దాన్ని మనిషి కౌగలించుకుని ఏడ్చాడు, ఇచ్చాడు. ఇవ్వగానే అది ఇంత ఎత్తయింది.

"అమ్మా, మానొచ్చిందా? మేడ మీద అందరూ అరస్తన్నారు."

"వచ్చింది. నీకు కనపడేలాగ గుమ్మంలోకెళ్ళవేటే? ఒక్క నిమిషం..."

"ఎల్లను. నువ్వు సెప్పు, నానింటాను."

చెప్పాను. నాకు కథలు చెప్పడం రాదు, నివేదిక రాయడమే వచ్చు. అయినా చెప్పాను, ఎంత ఎత్తుందో, చికెన్ కొట్టు మేడ మీద నీళ్ళ ట్యాంకుకి పైన ఇంకో ట్యాంకు పెడితే ఎంతో అంత అని, పూజారి తాత కాలికి వెండి కడియం ఉందని, ముందు తెల్లచీరల ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు పోస్తున్నారని, పెద్దతాత చెట్టుకి ఒక పక్కన ముడి ఉంది, దాని మీద బొట్టు పెట్టారు, అచ్చం కన్నులాగుందని. "మనకేసి సూస్తన్నాదా?" అంది. చూస్తోంది అన్నాను. అబద్ధం కాదు. దాలయ్య స్తంభం దిగి వచ్చి నా పక్కన నిలబడి, చొక్కా జేబులోంచి రెండు అరటిపళ్ళు తీశాడు, ఒకటి నా చేతిలో పెట్టాడు.

"భవానీ, నీ పండు ఇసరతన్నాను."

"నా పేరు సెప్పి ఇసురు."

దుర్గాభవాని అన్నాను, విసిరాను. పండు మానుని తాకకుండా దాటిపోయి ఎవరో ముసలాయన తలపాగా మీద పడింది. "తగిలిందా?" అంది ఫోన్‌లో. "తగల్లేదే." "నీకు రాదు," అంది, జాలిగా. దాలయ్య నవ్వాపుకుంటూ ఫోనుకి దగ్గరగా వంగి, "నానున్నాను కదా పాపా," అని, ఒక కన్ను మూసి, ఒళ్ళంతా వెనక్కి విరిచి, రెండో పండు విసిరాడు. అది నేరుగా వెళ్ళి ఆ కన్నులాంటి ముడి పక్కన పచ్‌మని తగిలింది. "తగిలింది!" అని అరిచాను, చుట్టూ ఉన్న జనమంతా నా వైపు తిరిగేలా, హెల్మెట్ పక్కకి ఒరిగేలా. అటు నుంచి కుర్చీ కాళ్ళు నేలకేసి కొట్టుకున్న చప్పుడు వచ్చింది, కూర్చునే గెంతుతోందన్నమాట.

సిరిమాను కోట రోడ్డు వైపు తిరిగాక జనం దాని వెనకే వెళ్ళిపోయారు. రోడ్డంతా అరటితొక్కలు, పసుపు నీళ్ళు. దాలయ్య, రెండో స్తంభం పని చూసే ఈశ్వర్, మళ్ళీ ఎక్కి తీగలు ఒక్కొక్కటీ పైకి లాగి, ముడులు వేసి, బిగించి, ఒకరి తర్వాత ఒకరు దిగారు. మళ్ళీ వేసిన గొలుసులు తీశారు, రాడ్లు తీశారు. మనుషుల్ని నా కళ్ళతో చూసుకున్నాను, ముట్టుకుని చూసుకున్నాను. ఉమాశంకర్ ఫోను. "మేడమ్, ఎల్‌సీ రిటర్న్ చేస్తారా? ఊళ్ళో నుంచి ఒకటే ఫోన్లు, కరెంటెప్పుడని."

"ఒక్క నిమిషం ఆగు ఉమాశంకర్. ఇంకొకరిని అడగాలి."

"ఇంకెవరున్నారు మేడమ్ లైన్ మీద?"

ఆ ఫోను పెట్టేసి ఇంటికి చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది.

"భవానీ, మాను దాటిపోయింది. కరెంటు ఇవ్వాలి. ముందు నాన్నని పిలిచి జనరేటర్..."

"ఆపీసేడు నాన్న. తీగ కూడా పీకీసేడు. నాను సూసేను. నాన్న ఇక్కడే నిలబడ్డాడు, మీ అమ్మ తిడతాదేటే అని అడగతన్నాడు." ఆ వెనకాల మా ఆయన దగ్గు వినిపించింది, ఇంకా వెనకాల పెద్దమావ, "గుంట గాదురా అది, కరెంటాఫీసరు" అనడం వినిపించింది. భవాని వాళ్ళని పట్టించుకోలేదు. దాని గొంతు మళ్ళీ ఆటో గొంతయింది. నేను అడగాల్సిన మాట, నేను రోజూ నలుగురినీ అడిగే మాట, ఎప్పుడు విన్నదో, అది నన్ను అడిగింది.

"అందరూ దిగీసేరా?"

"దిగారు."

"నువ్వూ?"

ఎండకి కాలిపోతున్న స్తంభం మీద చెయ్యి ఆనించాను. దాలయ్య బెల్టు విప్పుకుంటూ నా వైపే చూస్తున్నాడు.

"నేనూ దిగానమ్మా," అన్నాను. "ఇంక ఎత్తు."